కాపురం ఉన్నట్టు

"కుదిరిందమ్మా," అన్నాడు ఇళ్ళ బ్రోకరు వెంకటప్పయ్య, లూనా స్టాండైనా వెయ్యకుండా. "నిన్న సాయంత్రం బయానా ఇచ్చారు. ఇదిగో, ముందు నోరు తీపి చేసుకోండి."

స్వీటు పెట్టె తెచ్చి ఇన్నమ్మ చేతుల్లో పెట్టాడు. పెట్టెకు కట్టిన పురికొస తడిసి ఉంది. దారిలో వాన పడ్డట్టుంది. ఇన్నమ్మ ఆ పురికొస ముడినే చూస్తూ నిలబడింది.

మంచి వార్త వింటే మనిషికి ఏదో ఒకటి కావాలి గదా. కాళ్ళు నేల మీద నిలవకపోవడమో, ఎవరికైనా చెప్పాలని గొంతు దురద పెట్టడమో. ఇన్నమ్మకు ఏమీ కాలేదు. పక్కవాళ్ళకు రావాల్సిన పెట్టె పొరపాటున తన చేతికొస్తే ఎలా పట్టుకుంటారో అలా పట్టుకుంది.

లోపలి నుంచి సవరయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదు. తీరుబాటుగా గడ్డం గీసుకుంటూ సగంలో ఉన్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగగా ఉంది.

"ఏందీ, కుదిరిందా? ఎవరికి?"

"సీతయ్య మాస్టారికే, కండక్టర్ సాబ్. రెండో మాట లేకుండా. ఇల్లు చూసి పోయిన నాడే ఆ నిర్మలాదేవిగారు, మాస్టారి భార్య, ఇదే కావాలని పట్టు పట్టిందట. ఆ చాటలో బియ్యమూ, ఆ తీగ మీద తువ్వాలూ, వాకిట్లో ఆ రెండు జతల చెప్పులూ! ఇంత కళగా ఉన్న ఇల్లు ఎందుకమ్ముతున్నారండీ అని నన్నే అడిగింది."

అరుగు చివర కిరోసిన్ స్టవ్వు ముందు కూర్చున్న విశ్రాంతమ్మ ఇటు తిరగలేదు. సవరయ్య తల్లి ఆమె. కోడలు వండింది ముట్టక వారం దాటింది. కోడలి పెళ్ళి కర్టెన్లు, కొత్త స్టీలు బిందెలు, తాను మురిపెంగా కొనిపెట్టిన ఇత్తడి గుండిగ, అన్నీ రిక్షా ఎక్కి, కాపురం ఉన్నట్టు చూపించడానికి ఆ అమ్మకపు ఇంటికి పోయిన రోజునే ఆమె వంట వేరయింది. చెప్పాలనుకున్న మాటలన్నీ అప్పటి నుంచి గంప కింద కోడికే చెబుతోంది.

"విన్నవానే," అంది కోడితో. "మన కిటికీలకు పేపర్లు. ఊరోళ్ళ కిటికీలకు కర్టెన్లు. ఇప్పుడు మిఠాయి గూడ వచ్చింది. తింటవా?"

వెంకటప్పయ్య ఆ మాట విననట్టు నవ్వాడు. మధిర వైపు మనిషి. నవ్వులో కూడా మర్యాద ఉంటుంది.

"ఎల్లుండి శుక్రవారం మంచిదట. రిజిస్ట్రేషన్ తర్వాత చూసుకుందాం, ముందు చేరిపోతాం అన్నారు. కూతురికి నెలలు నిండాయి, తొందరలో ఉన్నారు. ఇంట్లో చూలాలుండగా గృహప్రవేశం కూడదంటారు గానీ, పెళ్ళయిన బిడ్డది వేరే ఇంటిపేరు కాబట్టి అడ్డు లేదని వాళ్ళ అయ్యవారు చెప్పారట. అందులోనూ కొత్త ఇల్లు కాదు, మూతపడ్డ ఇల్లు కాదు, పొయ్యి ఆరని ఇల్లు. పాలు పొంగించుకుంటే చాలు. ఆ పొయ్యి ఆరనివ్వంది ఎవరు? మా ఇన్నమ్మే."

"ఇంకా?" అన్నాడు సవరయ్య. నురగ ఆరిపోయి చెంప మీద తెల్లగా చారలు కట్టింది.

"ఇంకేముంది, పాల్వంచలో రెండిళ్ళున్నాయి. కొత్తగూడెంలో ఒకటి. ఇక మీదట మా అమ్మాయికి నెలనెలా జీతం. ఖాళీ ఇల్లు చూపిస్తే జనం గోడల్లో పగుళ్ళు చూస్తారు కండక్టర్ సాబ్. ఈమె సర్దిన ఇల్లు చూపిస్తే, తమ పిల్లలు ఎక్కడ కూర్చుని చదువుకుంటారో చూస్తారు. ఇది ఉద్యోగమే. ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు, అంతే."

సవరయ్య భార్య వైపు తిరిగాడు, ఇప్పుడైనా నవ్వుతుందేమోనని. ఇన్నమ్మ పెట్టెను అరుగు మీద పెట్టింది.

"సారూ, ఒక మాట అడుగుత. ఊళ్ళె ఇంతమంది ఆడోళ్ళుండంగ నన్నే ఎందుకు పిలిచిండ్రు?"

"నీ పనితనం చూసే తల్లీ. మీ పోర్షన్‌లోకి అడుగుపెట్టిన రోజే అనుకున్నా."

"ఆ ఇంటి పక్కింటామె ఇంకోటి చెప్పింది."

వెంకటప్పయ్య లూనా హ్యాండిలు మీది నీటి చుక్కల్ని బొటనవేలితో తుడిచాడు. ఒకటి, ఇంకొకటి. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీకు ఆ పట్టింపులు ఉండవు గదమ్మా. అది కూడా చూశా. కాదనను." వెంటనే మామూలు గొంతు తెచ్చుకున్నాడు. "శుక్రవారం దాకా సామాన్లు కదిలించకు. పొయ్యి రోజూ వెలిగించు. వాళ్ళొచ్చే దాకా ఆ ఇల్లు ఇల్లులాగే ఉండాలి."

లూనా గోదావరి కరకట్ట వైపు పోయింది. దాని చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ముగ్గురూ ముగ్గురు వైపులు చూస్తూ ఉన్నారు.

* * *

"బాదుషా తిను," అన్నాడు సవరయ్య.

తిన్నది. నమిలింది, మింగింది. చెయ్యి కడుక్కుంది.

"ఎట్లుంది?"

"బాగుంది."

"బాగుంటే మొహం గట్లెందుకు పెట్టినవు? పెండ్లినాడు గూడ నవ్వినవు గద నువ్వు, ఫొటో తీసేటోడు ఇగ చాలమ్మా అనేదాక." నున్నటి చెంప మీద చేత్తో రాసుకుంటూ ఆమె ముందు కూర్చున్నాడు. "పక్కింటామె ఏం చెప్పింది?"

"ఆ ఇంటాయన ఉన్నడు గద, వెంకటరామారావు. వాళ్ళమ్మ ఆ ఇంట్లనే పోయిందంట. ఉగాదప్పుడు."

"ముసలోళ్ళు ఇండ్లల్ల పోక బస్టాండ్ల పోతరా?"

"ధనిష్ఠ నక్షత్రంల పోయిందంట. గట్ల పోతే వాళ్ళల్ల ఆరు నెలలు ఇల్లు విడిచిపెట్టాలె. పొయ్యి ముట్టియ్యొద్దు, దీపం పెట్టొద్దు, మనిషి నిద్ర చెయ్యొద్దు. గందుకే తాళమేసి కిరాయింటికి పోయిండ్రు. దసరా దాటిందాక ఎవరూ ఆ ఇంట్ల అడుగు పెట్టొద్దు."

సవరయ్య చెయ్యి చెంప మీదే ఆగింది.

"నువ్వు పెట్టినవు గద. రోజూ పొయ్యి ముట్టిస్తున్నవు. నీకేమైంది?"

"అదే నేను చెప్పేది. వాళ్ళల్ల ఒక్క ఆడమనిషి ఆ పొయ్యి ముట్టియ్యదు. బొట్టు పెట్టుకునే కిరస్తానీ పిల్లయితే చూసెటోళ్ళకు అనుమానం రాదు, చేసేదానికి భయం ఉండదు. గట్ల దొరికిన నేను." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "నేను నా చేతిపని చూసి పిలిచిండ్రనుకున్న."

ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టలు గదిలో నాలుగు రేకు పెట్టెలు, నాలుగు మంచాలు తప్ప ఏమీ లేకపోయినా ఇన్నమ్మ గదిని చూడటానికి పక్క వింగు పిల్లలు వచ్చేవాళ్ళు. మంచాన్ని కిటికీకి ఎంత ఎడంగా వేస్తే పొద్దుటి ఎండ మొహం మీద కాకుండా పాదాల మీద పడుతుందో ఆమెకు తెలుసు. క్రిస్మస్‌కు గుడిలో పశువుల పాక కట్టే పని ఫాదరుగారు వేరే ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఎక్కడ ఏ వస్తువు పెడితే అక్కడ ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుందో ఆ చేతులకు తెలుసు. అది ఒక విద్య అని ఇంతవరకు ఎవరూ అనలేదు. వెంకటప్పయ్య అన్నాడు. అన్న రోజు ఆమెకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

"మనకు నమ్మకం లేనప్పుడు మనం చేసిన తప్పేంది?" అన్నాడు సవరయ్య.

"వాళ్ళకుంది."

"వాళ్ళకు తెలిస్తే గద."

"ఆమె నన్నడిగింది."

"ఎవరు?"

"నిర్మలాదేవమ్మ. ఇల్లు చూసెతందుకు వచ్చిన నాడు. నేను వంటింట్ల పాలు పెట్టిన, యాలకులేసి. వాసన ఉండాలె గద. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. 'నువ్వు కాపురం చేస్తున్న పిల్లవు, నీకంటే ఎవరికి తెలుస్తుంది. ఇంట్లో అంతా మంచిదే గదమ్మా' అన్నది."

"నువ్వేమన్నవు?"

"అంతా మంచిదేనమ్మా అన్న."

"అప్పటికి నీకు తెల్వదు గద ఇన్నమ్మా. తెల్వక అన్నవు."

"తెలుసు. దానికి ముందురోజే చెప్పింది పక్కింటామె."

సవరయ్య లేచి అద్దం దగ్గరికి పోయాడు. రెండో చెంపకు మళ్ళీ నురగ పెట్టడం మొదలుపెట్టాడు.

ఇన్నమ్మకు ఆ క్షణం బాగా గుర్తుంది. మాట వెతుక్కోలేదు. తడుముకోలేదు. కర్టెను తీగ మీద జారినట్టు ఆ అబద్ధం నోట్లోంచి జారింది. ఆ తర్వాత పొంగిన పాలగిన్నెను ఉత్త చేతులతో దించింది. వేళ్ళు కాలాయని సాయంత్రం బొబ్బలు చూస్తే గాని తెలియలేదు. అప్పటి నుంచి అన్నీ అలాగే ఉన్నాయి. అన్నం అన్నంలా ఉంది, వాన వానలా ఉంది, ఏదీ ఆమెదాకా రావడం లేదు.

"చెప్పేస్త," అంది.

"చెప్పి?" అద్దంలోంచే అడిగాడు. "వెంకటప్పయ్య మళ్ళ మన గడప తొక్కుతడా? పాల్వంచ లేదు, కొత్తగూడెం లేదు. డిపోల అందరికి చెప్పిన నేను. నా భార్య ఒట్టి గోడలకు పానం పోస్తదిరా అని చెప్పిన. నవ్విండ్రు. అయినా చెప్పిన."

"నేను చెప్పమన్ననా?"

"చెప్పమనలే. ఎందుకు చెప్పిననో గూడ అడగలే నువ్వు." కత్తి పక్కన పెట్టాడు. "సరే, చెప్పినవనుకో. ఏమంటరు? దేవుని గూట్ల దీపం పెట్టి, మా తోటి మనిషిననిపించి, ఆ కిరస్తానీ పిల్ల మోసం చేసిందంటరు. వెంకటరామారావుననరు. వెంకటప్పయ్యననరు. చెప్పినా నీ పేరే, చెప్పకున్నా నీ పేరే. అసుంటప్పుడు నోరు మూసుకునుడు నయం గాదా?"

అరుగు మీద స్టవ్వు ఆర్పిన చప్పుడయింది. విశ్రాంతమ్మ టిఫిను గిన్నె చేతపట్టుకుని లేచింది. ఊళ్ళో సిస్టర్ల దవాఖానాలో ఆయా ఆమె. పురుళ్ళ గదిలో పని.

"గంప కిందనే ఉండు," అంది కోడితో. "లోపల గాలి మంచిగ లేదు."

* * *

పొయ్యి వెలిగించాలి కాబట్టి ఇన్నమ్మ మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళింది.

దవాఖానా వెనక వీధి అది. మిట్ట మీద ఉంటుంది. గోదావరి ఊరి నడిబొడ్డు దాకా వచ్చిన పెద్ద వరదలో కూడా ఈ వీధిలో పడవ తిరగలేదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఇక్కడ ఇళ్ళు అమ్మేయొచ్చునని వెంకటప్పయ్య అంటాడు.

తాళం తీసి, ముందు గది కిటికీ రెక్కల్లో ఒకటి తెరిచి ఒకటి వారగా మూసింది. రెండూ తెరిస్తే గది బజారులా ఉంటుంది, రెండూ మూస్తే గోడౌనులా ఉంటుంది. ఒక్క రెక్క తెరిస్తే ఎవరో వీధిలోకి చూసి, అంతలోనే వంటింట్లో పిలుపు విని వెళ్ళినట్టు ఉంటుంది. కుర్చీ మీద సగం అల్లిన ఊలు. సూదులు అడ్డంగా. తీగ మీది తువ్వాలు ఆరిపోయింది, తీసి మళ్ళీ తడిపి పిండి వేసింది. గులాబీ పూల కర్టెను కుచ్చులు వేలితో సర్దింది. ఎంత ముద్దుగా ఉన్నాయో ఆ పూలు. పెళ్ళికి ముందు వరంగల్ దుకాణంలో ఆ గుడ్డ ఎంచుకున్నప్పుడు అమ్మ కూడా మురిసిపోయింది. ఇప్పుడు ఆ పూలు ఎవరింటి పూలో అన్నట్టున్నాయి.

పక్కింటి కిటికీ టపీమని మూసుకుంది.

పొయ్యి వెలిగించింది. చాయకు నీళ్ళు పెట్టింది, తాగడానికి కాదు, వాసనకు.

వాకిట్లో చెప్పుల చప్పుడయింది. వాన నీళ్ళు కారుతున్న గొడుగుతో గుమ్మంలో విశ్రాంతమ్మ నిలబడి ఉంది. తెల్లచీర కుచ్చిళ్ళు మోకాలి దాకా తడిసిపోయాయి. ఈ ఇంటికి ఆమె రావడం ఇదే మొదలు.

అత్తగారు లోపలికి వచ్చింది. ముందు గది చూసింది. కుర్చీ చూసింది. ఊలు అల్లిక పైకెత్తి, ఏ కొలతకో వేళ్ళతో చూసి, మళ్ళీ అలాగే పెట్టింది. వంటింటి గడప దగ్గర ఆగింది. తాను కొన్న ఇత్తడి గుండిగ పీట మీద ఉంది. చింతపండుతో తోమి ఉంది. వారగా వచ్చే వెలుగంతా దాని బొజ్జ మీదే పడుతోంది.

చాలాసేపు దాన్నే చూసింది.

"మనింట్ల మూలకు పడుండేది," అంది చివరికి. వారం తర్వాత కోడలితో నేరుగా అన్న మొదటి మాట అది.

"కూసో అత్తమ్మా. చాయ పోస్త."

"వాసనకు పెట్టినవా, తాగెతందుకా?"

"పోస్త."

విశ్రాంతమ్మ నేల మీద కూర్చుని గ్లాసు అందుకుంది. తాగింది కూడా. ఇన్నమ్మ చూడనట్టు పొయ్యి వైపు తిరిగింది.

"ఇయ్యాల దవాఖానకు ఒక పిల్ల వచ్చింది. నెలలు నిండినయి. టేకులపల్లిల తల్లిగారింటి నుంచి బస్సుల వచ్చి చూపించుకుని పోతది. సీతయ్య సారు బిడ్డ."

ఇన్నమ్మ తిరగలేదు.

"పోయినేడు గూడ వచ్చింది. రాలే, తెచ్చిండ్రు. అడవిల వాగు పొంగి బస్సు ఆగితే, దారిల్నే నొప్పులొచ్చి, ఈడికి వచ్చేసరికి కడుపుల బిడ్డ పోయింది. నేనే ఉన్న ఆ పూట. ఆ పిల్ల ఏడ్వలే. గోడ దిక్కు చూసుకుంట పన్నది, అంతే. గందుకే వాళ్ళ నాయన ఉన్న పొలం అమ్మి మరీ దవాఖాన పక్కన ఇల్లు కొంటున్నడు. ఈసారి నడిచి రావొచ్చని."

గ్లాసు కింద పెట్టింది.

"ఇయ్యాల నవ్వింది ఆ పిల్ల. 'ఆయమ్మా, మేం చేరే ఇంట్ల కొత్త పెండ్లికూతురు ఉంటదంట. మా అమ్మ పోయేసరికి పాలు పొంగుతున్నయంట. మంచి శకునమంట' అన్నది. నాకు నోట మాట రాలే. ఆ పెండ్లికూతురు నా కోడలేనని చెప్పలే."

"అత్తమ్మా, నీకు ఈ ఇంటి సంగతి..."

"పొద్దున మీ ఇద్దరు గంతగనం మాట్లాడుకుంటుంటే నాకు చెవులు లేవనుకున్నవా? కోడి గూడ విన్నది."

"నేను చెప్పేస్త అత్తమ్మా. ఆయన వద్దంటున్నడు. అయినా చెప్పేస్త."

"ఎవరికి చెప్తవు? ఆ పిల్లకా?" విశ్రాంతమ్మ గొంతు పెంచలేదు. "నాలుగొద్దుల్లనో వారంలనో పురుడుండంగ గీ మాట చెవిల పడితే, ఆ పిల్ల ఏమైతదో నాకు తెలుసు, నీకు తెల్వదు. భయపడ్డ ఆడది నొప్పులు తియ్యదు పిల్లా. బిగుసుకపోతది. ఎన్ని చూసిన."

"చెప్పకపోతే పక్కింటామె చెప్తది. చేరినంక చెప్తది. పురిటి మంచం మీదుండంగ చెప్తది."

విశ్రాంతమ్మ కింద పెట్టిన గ్లాసును వేలితో పక్కకు జరిపింది. ఆ మాట ఆమె కూడా దారి పొడుగునా అనుకుంటూ వచ్చిందని ఆ తీరులోనే తెలిసింది. గిన్నెలో మిగిలిన చాయ మరిగి మరిగి చేదు వాసన మొదలైంది. ఎవరూ లేచి దించలేదు.

దించింది సవరయ్య. ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఎంత విన్నాడో. తడి తువ్వాలు తల మీద కప్పుకుని ఉన్నాడు. గడ్డం రెండు చెంపలా గీసుకున్నాడు గాని గదమ కింద తెగింది.

"ఇద్దరు ఇంట్ల లేరు. కోడినడిగితే చెప్పలే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. గిన్నెను కింద పెట్టి తల్లి పక్కనే గొంతుకూర్చున్నాడు. "అమ్మా, నేనొక్కటడుగుత, చెప్పు. ఈమె పోయి చెప్పింది. వాళ్ళు ఇల్లొద్దన్నరు. ఆ పిల్ల టేకులపల్లిలనే ఉంటది. గదే వాగు. వానలు తగ్గలే. మొన్న నా బస్సే గంటసేపు ఆగింది ఆడ. మళ్ళ దారిల ఏమన్న అయితే, అది ఎవరి మీద పడ్తది? నక్షత్రం మీదనా? ఈమె మీదనా?"

విశ్రాంతమ్మ కొడుకు మొహంలోకి చూసింది. పొద్దున అద్దం ముందు మాట్లాడిన మాట కాదది. జీతం కోసం, డిపోలో పరువు కోసం అన్న మాట కూడా కాదు.

"వాడన్నది నిజమే," అంది మెల్లగా.

"నిజమే," అంది ఇన్నమ్మ.

ముగ్గురూ ఆ వంటింట్లో నేల మీద కూర్చున్నారు. బయటి నుంచి ఎవరైనా చూస్తే ఎంత నిండైన ఇల్లో అనుకుంటారు. పొయ్యిలో నిప్పు, తీగ మీద బట్టలు, అత్త, కొడుకు, కోడలు. వారం పది రోజులుగా ఈ ఇంట్లో ఇన్నమ్మ పెట్టిన వస్తువులన్నింటికీ తక్కువైంది ఇదే, మనుషులు. ఇప్పుడు అదీ అమరింది. కొనేవాళ్ళు ఈ పూట వచ్చి ఉంటే వెంకటప్పయ్య నోరు విప్పాల్సిన పని కూడా ఉండేది కాదు.

ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపు రాలేదు. కాని ఆ ఆలోచన చివర ఇంకొక ఆలోచన వచ్చి కూర్చుంది. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది, కుర్చీని ఏ గోడకు వెయ్యాలో చూసినట్టు.

"వాళ్ళకు ఈ ఇల్లే కావాలని లేదు గద," అంది.

"మరి బయానా ఎందుకిచ్చిండ్రు?" అన్నాడు సవరయ్య.

"వాళ్ళకు కావాల్సింది దవాఖానకు నడిచొచ్చేటంత దూరంల పొయ్యి, మంచం, తలుపు. పురుడు అయ్యేదాక. కొనుడు దసరా తర్వాతనైనా కొనొచ్చు, ఇదో ఇంకోటో." అత్తగారి వైపు తిరిగింది. "సిస్టర్ల బడి వెనక రెండు గదులున్నయి చూడు, వాచ్‌మన్ పోయినంక ఖాళీగున్నయి."

"ఆ సున్నం రాలే గదులా? గబ్బిలాలుంటయి. మనుషులుండరు అండ్ల."

"ఉండేటట్టు చేస్త. నాకొచ్చిన పని గదొక్కటే అత్తమ్మా. ఈడ లేని కాపురం ఉన్నట్టు చూపెట్టిన. ఆడ చూపెట్టుడు కాదు, నిజంగనే చేస్త. సిస్టర్‌ను నువ్వు అడుగు, నీ మాట కాదనదు."

విశ్రాంతమ్మ కుచ్చిళ్ళ నీళ్ళు పిండుకుంది. గొడుగు దగ్గరికి లాక్కుంది.

"మరి ఆమెకేం చెప్తవు? నిర్మలాదేవమ్మకు?" అన్నాడు సవరయ్య.

"ఆమెకు ఒక్కదానికే చెప్త. ముందు నా అబద్ధం చెప్త. నేను ఆ ఇంట్ల ఒక్కనాడు గూడ కాపురం చెయ్యలేదమ్మా అని చెప్త. తర్వాత ఇంటి సంగతి. కొంటరో, ఆగుతరో, బయానా తిరిగి అడుగుతరో వాళ్ళిష్టం. బిడ్డకు ఎప్పుడు చెప్పాల్నో, అసలు చెప్పాల్నో వద్దో తల్లికి తెలుస్తది."

"తిడ్తది."

"తిట్టనీ."

"నువ్వు వాళ్ళ మనిషివి కాదని తెలిసినంక, నువ్వు సర్దిన గదిల బిడ్డను పండుకోబెడ్తదా?"

ఇన్నమ్మ తోమిన గుండిగ వైపు చూసింది. ఆ ప్రశ్న లోపలికి దిగుతుంటే మాత్రం తెలిసింది. చాలా రోజులకు ఏదో ఒకటి గుచ్చుకున్నట్టు తెలిసింది. కాలిన వేళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంది.

"తెల్వదు," అంది.

"వెంకటప్పయ్య?"

"పోతడు."

"ఉద్యోగం?"

"దానికి పేరే లేదు గద. పోతే ఎవరికి తెలుస్తది?"

సవరయ్య తల దించుకుని గోరుతో గచ్చు గీరాడు. డిపోలో తాను చెప్పుకున్నవన్నీ ఆ గచ్చు మీదే ఎక్కడో రాసి ఉన్నట్టు గీరాడు. విశ్రాంతమ్మ లేచి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. చుయ్యిమని పొగ లేచింది.

"శుక్రవారం దాక ఆగితే వాళ్ళు సామాన్లు ఎక్కించుకుని వచ్చేస్తరు," అంది. "రేపే పోవాలె. నేను గూడ వస్త. నువ్వు తల్లితోని మాట్లాడేటప్పుడు ఆ పిల్ల పక్కన ఉండొద్దు. కడుపు చూస్తనని నేను లోపలి గదిలకు తీస్కపోత. ఎంతసేపు కావాల్నో అంతసేపు చూస్త." గొడుగు తీసుకుని కొడుకు వైపు తిరిగింది. "పొద్దుగాల టేకులపల్లి మీద పోయే మొదటి బస్సు ఎవరిది రా?"

సవరయ్య గచ్చు గీరడం ఆపాడు.

"నాదే," అన్నాడు.

"ఐతే రెండు టికెట్లు కొట్టు. ఇంటోళ్ళమని పాసులు గీసులు వద్దు. రేపు మేం పాసింజర్లం."

సవరయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లేచి, ముందు గదిలో తెరిచి ఉన్న ఆ ఒక్క కిటికీ రెక్కను తనే వెళ్ళి మూశాడు.